మాజులి రాస్‌కి అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నా, తెలిసినవాళ్ళు చెప్పండి

లంకపిల్ల
29 సెప్టెంబర్ 2024

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు మీ సాయం కావాలి.

మా అమ్మకి 67 ఏళ్ళు. పుట్టింది, పెరిగింది, పెళ్ళయి కాపురం చేసింది అంతా కోనసీమ లంకల్లోనే. టీచరుగా చేసి రిటైరయింది. చిన్నప్పుడు ఊళ్ళోకి భాగవతులు వస్తే చాప పట్టుకెళ్ళి తెల్లవార్లూ చూసేదట. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ తర్వాత అమ్మ నన్ను ఏదీ కావాలని అడగలేదు. పోయిన వారం టీవీలో అస్సాంలోని మాజులి గురించి వస్తుంటే చూసి, "అది కూడా లంకేనంట. కార్తీక పున్నానికి ఊరూరా రాస్ అని కృష్ణుడి ఆట ఆడతారంట. ఒకసారి తీసుకెళ్తావా?" అంది. నేను అప్పుడే ఆఫీసులో సెలవు పెట్టేశాను.

ఈ ఏడు కార్తీక పౌర్ణమి నవంబర్ 15న. మేం హైదరాబాద్ నుంచి వస్తాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పడవ ఎక్కగలదా? రాత్రంతా కూర్చోగలదా? అక్కడ చాలా సత్రాలున్నాయని చదివాను, వాటిలో గది ఇస్తారా? ఏ రోజు ఏది చూడాలి? నాకైతే ఏమీ తెలీదు, టెన్షన్‌గా ఉంది.

జోర్హాట్ బాబాయ్
29 సెప్టెంబర్ 2024

అమ్మాయీ, తప్పకుండా రండి. బ్యాంకు ఉద్యోగం మీద నేను జోర్హాట్‌లో ఐదేళ్ళుగా ఉంటున్నాను. ఇప్పటికి నాలుగు రాస్‌లు చూశాను.

ముందు దారి చెప్తాను. హైదరాబాద్ నుంచి గువాహటికి విమానం, అక్కణ్ణించి జోర్హాట్‌కి రైలు. ఇది అమ్మకి సుఖం. రైల్లోనే వస్తామంటే కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, విశాఖ మీదుగా వస్తుంది, మరియాని జంక్షన్‌లో దిగాలి. కానీ రోజుల తరబడి ప్రయాణం, మోకాళ్ళ నొప్పులతో వద్దు. అస్సాంకి పర్మిట్ ఏమీ అక్కర్లేదు.

జోర్హాట్ నుంచి నిమాతి ఘాట్ 14 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ పడవ ఎక్కితే అవతల కమలాబారి ఘాట్. గంట పడుతుంది, నీళ్ళని బట్టి ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. కార్లు, బైకులు కూడా ఎక్కిస్తారు, మన సఖినేటిపల్లి పంటు లాగే అనుకోండి. 2021 సెప్టెంబర్‌లో నిమాతి దగ్గరే రెండు పడవలు ఢీకొన్నాయి. ఆ తర్వాత ఒంటి ఇంజను ప్రైవేటు పడవలను ప్రభుత్వం ఆపేసింది. ప్రభుత్వం నడిపే పెద్ద ఫెర్రీ ఎక్కండి. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, మొహమాటపడొద్దు. నవంబర్‌లో నది శాంతంగానే ఉంటుంది కానీ పొద్దున పొగమంచు వల్ల పడవ ఆలస్యం కావచ్చు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం దాటకుండా రేవు చేరుకోవాలి.

అమ్మకి కష్టమయ్యేది పడవ కాదు, రేవు. ఏటా నది పక్కకి జరుగుతుంది కాబట్టి రేవు కూడా జరుగుతుంది. ఇసుకలో కాస్త నడవాలి, చెక్క బల్ల మీదుగా పడవలోకి దిగాలి. చేతికర్ర ఉంటే తెచ్చుకోండి. అక్కడి కుర్రాళ్ళు పెద్దవాళ్ళని చెయ్యి పట్టుకుని దించుతారు, చాలాసార్లు చూశాను.

గది మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి. గడమూర్, కమలాబారి ఈ రెండు చోట్లా హోమ్‌స్టేలు ఉన్నాయి. పౌర్ణమి నాటికి ఒక్క మంచం దొరకదు. నగదు దగ్గరుంచుకోండి. రాత్రి చలికి శాలువా కాదు, మంచి స్వెట్టరు, మంకీ క్యాపు, కింద పరుచుకోవడానికి మందపాటి దుప్పటి కావాలి.

శివసాగర్ కోడలు
30 సెప్టెంబర్ 2024

నేను అస్సాం అమ్మాయిని. పుట్టిల్లు శివసాగర్, మెట్టినిల్లు విశాఖపట్నం. పెళ్ళయి పదకొండేళ్ళు. తెలుగు మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దండి.

అక్కా, "సత్రం" అనే మాటతో మీరు పొరపడతారని ముందే చెప్తున్నాను. పెళ్ళయిన కొత్తలో అన్నవరం వెళ్ళినప్పుడు మా మామగారు "సత్రంలో దిగుదాం" అంటే, మఠంలో ఎందుకు దిగడం అనుకున్నాను నేను. మా దగ్గర సత్ర అంటే వైష్ణవ మఠం. అస్సామీలో ఆ "స" పలకదు, "హ"కీ "ఖ"కీ మధ్య ఒక శబ్దం వస్తుంది, "హొత్రొ" అన్నట్టు వినిపిస్తుంది. సత్రకి పెద్ద సత్రాధికారి. మధ్యలో నామ్‌ఘర్, అంటే అందరూ కలిసి నామం పాడే పెద్ద హాలు. దాని తూర్పు చివర మణికూట్, అదే గర్భగుడి అనుకోండి. అక్కడ విగ్రహం కంటే భాగవత గ్రంథానికి ఎక్కువ గౌరవం. చుట్టూ వరసగా భకత్‌లు, అంటే సత్రలో ఉండే సాధువులు, వాళ్ళ గదులు. ఔనియాటి, ఉత్తర కమలాబారి లాంటి చోట్ల భకత్‌లు పెళ్ళి చేసుకోరు. చిన్న పిల్లలప్పుడే వచ్చి అక్కడే పెరుగుతారు. కొన్ని సత్రలకి అతిథి గృహాలు ఉన్నాయి కానీ రాస్ సమయంలో వాళ్ళ బంధువులు, భక్తులతోనే నిండిపోతాయి.

నామ్‌ఘర్‌లోకి చెప్పులతో వెళ్ళకూడదు. మణికూట్ లోపలికి బయటివాళ్ళు వెళ్ళరు. ఆడవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో అక్కడున్నవాళ్ళని అడిగితే ప్రేమగా చూపిస్తారు. అమ్మగారికి మేఖలా చాదర్ అక్కర్లేదు, చీర బాగుంటుంది.

ఇంకొక్క మాట. దీన్ని ఫెస్టివల్ అని రాస్తుంటారు కదా, టూరిజం వాళ్ళ బోర్డుల మీద కూడా అలాగే ఉంటుంది. మాకు అది పూజ. మా మేనమామ కంసుడి వేషం వేసేవాడు. ఆ రోజు పొద్దుట్నించీ ఉపవాసం ఉండేవాడు.

మువ్వ
30 సెప్టెంబర్ 2024

కోడలుగారూ, మీ తెలుగులో దిద్దాల్సింది ఏమీ లేదండీ.

నేను కూచిపూడి నేర్పుతాను. 2019లో మాజులిలో మూడు వారాలు ఉన్నాను, అందుకే ఈ చర్చ చూడగానే ఆగలేకపోయాను. లంకపిల్ల గారూ, మీ అమ్మగారు భాగవతులను చూసిన మనిషి అన్నారు చూశారా, ఆవిడకి అక్కడ ఎవరూ ఏదీ వివరించక్కర్లేదు.

అస్సాం వైష్ణవానికి మూలగురువు శంకరదేవుడు పుట్టింది 1449లో అంటారు. మన పోతన కూడా ఆ శతాబ్దం వాడే. ఇక్కడ ఆయన భాగవతాన్ని తెలుగు చేస్తున్న కాలానికి కాస్త అటూ ఇటూగా అక్కడ ఈయన అస్సామీ చేశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారే లేదు. శంకరదేవుడు అక్కడితో ఆగలేదు. చదువు రానివాళ్ళకి కూడా భాగవతం చేరాలని నాటకాలు రాశాడు. వాటినే అంకియా నాట్ అంటారు, ఆడితే భావోనా. వాటి భాష బ్రజావళి, మైథిలి అస్సామీ కలిసినట్టుంటుంది. సూత్రధారుడు మొదటి నుంచి చివరి దాకా రంగం మీదే ఉంటాడు, శ్లోకం చదువుతాడు, పాడతాడు, ఆడతాడు, కథ ముందుకి నడుపుతాడు. మన భాగవతమేళంలో సూత్రధారుడు గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది. పాత్ర వచ్చే ముందు ఇద్దరు తెల్ల తెర పట్టుకుంటారు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసే ఘట్టం మీ అమ్మగారికి తప్పక గుర్తుంటుంది. అక్కడ జడ లేదు, కానీ తెర వెనక పాదాలు కదులుతుంటే జనం ఊపిరి బిగబట్టే తీరు అదే. శంకరదేవుడి నాటకాల్లో పారిజాత హరణం కూడా ఉంది. మన తిమ్మన పారిజాతాపహరణం కూడా దాదాపు ఆ కాలానిదే. సత్యభామ అలక రెండు చోట్లా ఒకటే.

ఆట మొదలయ్యే ముందు గాయన్ బాయన్ అని వస్తారు. తెల్ల పంచె, తెల్ల తలపాగా, మెడలో ఖోల్ అనే మద్దెల, చేతుల్లో పెద్ద తాళాలు. పది పదిహేను మంది ఒకే అడుగు వేస్తూ వాయిస్తారు. ఆ శబ్దం చెవులకి కాదు, పొట్టకి తగులుతుంది. చాలామంది టూరిస్టులు "అసలు కథ ఇంకా మొదలవలేదు" అనుకుని ఆ టైములో టీకి వెళ్ళిపోతారు. దయచేసి అలా చేయొద్దు.

సత్రియ నృత్యాన్ని సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించింది 2000లో. అంటే నామ్‌ఘర్‌లో నాలుగైదు వందల ఏళ్ళు ఆడాక. ఉత్తర కమలాబారిలో పొద్దున్నే పిల్లలు నేల మీద చేసే కసరత్తు, దాన్ని మాటి అఖరా అంటారు, చూసే వీలుంటే చూడండి. ఆ పిల్లలే రాత్రి గోపికలు. మన వేదాంతం సత్యనారాయణ శర్మగారు స్త్రీ వేషం కట్టిన తీరు మీ అమ్మగారు చూసి ఉంటే, అక్కడి గోపికలను చూసి ఆశ్చర్యపోరు. కరిగిపోతారు.

పడవప్రయాణం
1 అక్టోబర్ 2024

నేను కొంచెం వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. పెద్దవాళ్ళతో రాస్ రోజుల్లో వద్దు. 2022లో వెళ్ళాను. జనం విపరీతం. రేవు దగ్గర గంటలకొద్దీ నిలబడ్డాను. ఆ రాత్రి ఐదు చోట్లకి తిరిగాను, ఒక చోట పూతన, ఇంకో చోట కాళీయుడు, మరోచోట విరామం. తెల్లారేసరికి ఏదీ పూర్తిగా చూడలేదు. జ్వరంతో తిరిగొచ్చాను. ఫిబ్రవరిలో వెళ్తే లంక ప్రశాంతంగా ఉంటుంది, మిసింగ్ తెగ వాళ్ళ అలి ఆయె లిగాంగ్ పండగ కూడా అప్పుడే. సత్రలు తీరిగ్గా చూడొచ్చు.

శివసాగర్ కోడలు
1 అక్టోబర్ 2024

అన్నా, మీకు జ్వరం వచ్చిందంటే బాధగా ఉంది. కానీ తప్పు రాస్‌ది కాదు. మా ఊళ్ళో ఎవరూ ఒక రాత్రి ఐదు చోట్ల చూడరు. ఎవరి నామ్‌ఘర్‌కి వాళ్ళు చాప తీసుకెళ్ళి కూర్చుంటారు. నిద్రొస్తే అక్కడే ఒరుగుతారు, ఖోల్ మోగితే లేస్తారు. పిల్లలు అమ్మ ఒళ్ళో నిద్రపోతారు. అమ్మగారు ఒకే చోట కూర్చుంటే అలసట ఉండదు. రేవు దగ్గర జనం మాత్రం నిజం. పౌర్ణమికి రెండు రోజుల ముందే దాటేయాలి.

పడవప్రయాణం
1 అక్టోబర్ 2024

మీరు చెప్పింది సబబే. నాకు ఆ సంగతి అప్పుడు ఎవరూ చెప్పలేదు. లంకపిల్ల గారూ, అలాగైతే వెళ్ళండి. రెండు రోజుల ముందు, ఒకే చోట. ఈ రెండు మాటలు పట్టుకోండి చాలు.

కెమెరా కన్ను
3 అక్టోబర్ 2024

నేనూ ఈసారి వెళ్తున్నాను. ఆటలో వేసే ముసుగుల ఫొటోలు తీయాలని చాలా కాలంగా కోరిక. సామగురి సత్రలో తీయనిస్తారా? ఆట జరిగేటప్పుడు ముందు వరసలో కూర్చోవచ్చా?

మువ్వ
3 అక్టోబర్ 2024

ముసుగులు చేసే చోట పగటి పూట అడిగి తీసుకోవచ్చు. వాళ్ళు సంతోషంగా చూపిస్తారు. సామగురిలో ముసుగుల తయారీకి పేరున్న హేమచంద్ర గోస్వామి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మాజులి ముసుగులకీ, అక్కడి చిత్రిత రాతప్రతుల బాణీలో వేసే బొమ్మలకీ ఈ ఏడాదే భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఆట దగ్గర మాత్రం నా మనవి వినండి. ఫ్లాష్ వద్దు. డ్రోన్ అసలే వద్దు. ముందు వరస ఆ ఊరి ముసలివాళ్ళది, పిల్లలది. నేనున్న ఏడాది ఒకతను గోపిక ముఖానికి జానెడు దూరంలో కెమెరా పెట్టాడు. ఆ అబ్బాయికి పన్నెండేళ్ళుంటాయి. అడుగు తప్పాడు. ఆ తర్వాత చాలాసేపు తల ఎత్తలేదు. నేను నాట్యం నేర్పే దాన్ని, ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

కెమెరా కన్ను
3 అక్టోబర్ 2024

అర్థమైందండీ. పగలు ముసుగుల దగ్గరే తీస్తాను. రాత్రి కెమెరా గదిలో పెట్టేసి వస్తాను. మాట ఇస్తున్నాను.

ప్రభలతీర్థం
5 అక్టోబర్ 2024

లంకపిల్ల గారూ, మాదీ కోనసీమే. ముక్తేశ్వరం దగ్గర. మీ పేరు చూసి లోపలికి వచ్చాను.

మాజులి అందం గురించి అందరూ చెప్తున్నారు. మన లంకలవాళ్ళకి అర్థమయ్యే ఇంకో సంగతి ఉంది. ఆ లంక ఏటా కోసుకుపోతోంది. ఒకప్పుడు 1,200 చదరపు కిలోమీటర్లకి పైగా ఉండేదట, ఇప్పుడు అందులో సగం కూడా లేదు. 1950 ఆగస్టు 15న అస్సాంలో వచ్చిన పెద్ద భూకంపానికి కొండలు విరిగి మట్టి అంతా బ్రహ్మపుత్రలోకి వచ్చింది. నది అడుగు మెరక అయింది, నీళ్ళు పక్కలకి తోసుకొచ్చి ఒడ్లు కోయడం మొదలైంది. అరవైకి పైగా ఉండే సత్రల్లో చాలా వరకు లంక వదిలి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాయి. శంకరదేవుడూ ఆయన శిష్యుడు మాధవదేవుడూ మొదటిసారి కలుసుకున్న చోటు కూడా నదిలో కలిసిపోయిందంటారు. 2016లో దాన్ని జిల్లా చేశారు. దేశంలో జిల్లా అయిన మొదటి నదీ ద్వీపం అదే. జోర్హాట్ వైపు వంతెనకి 2021లో శంకుస్థాపన జరిగింది.

మా తాతల కొబ్బరి తోట ఉన్న చోట ఇప్పుడు గోదారి పారుతోంది. 86 వరదలో మా ఇల్లు పోయింది, నాకు ఎనిమిదేళ్ళు. అందుకే అడుగుతున్నాను, మీరు వెళ్ళాక అక్కడివాళ్ళు దీని గురించి ఏమంటారో వచ్చి చెప్పండి.

లంకపిల్ల
5 అక్టోబర్ 2024

ప్రభలతీర్థం గారూ, నేను పుట్టింది 86లోనే, జూన్‌లో. వరద వచ్చింది ఆగస్టులో. మా ఇల్లు కూడా మునిగింది. అమ్మ ఆ వరద గురించి ఎప్పుడూ మాట్లాడదు. నాన్న కూడా మాట్లాడేవాడు కాదు. తప్పకుండా అడిగి చెప్తాను.

అందరికీ చాలా థాంక్స్. నవంబర్ 12కి గువాహటి టికెట్లు తీశాను. 13న నది దాటుతాం, 18న వెనక్కి.

లంకపిల్ల
28 అక్టోబర్ 2024

ఒక సమస్య వచ్చింది. అడ్వాన్సు ఇచ్చి గది మాట్లాడుకున్నాను. ఇవాళ ఫోన్ చేసి, పెద్ద గుంపు వచ్చింది, మీ గది ఇవ్వలేం అన్నారు. డబ్బు వెనక్కి పంపారు కానీ ఇప్పుడు ఎక్కడ అడిగినా లేదంటున్నారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఆవిడ అప్పుడే కార్తీక పున్నానికి 365 వత్తులు చేసి డబ్బాలో సర్దుకుంది.

జోర్హాట్ బాబాయ్
28 అక్టోబర్ 2024

అమ్మాయీ, కంగారుపడకు. మా బ్రాంచిలో పనిచేసే ఒకాయనది గడమూర్ దగ్గర పల్లె. వాళ్ళింట్లో ఒక గది ఖాళీగా ఉంది. వెదురు ఇల్లు, బాత్రూమ్ పెరట్లో. ఇద్దరు ఆడవాళ్ళు, తల్లీ కూతుళ్ళు అని చెప్పాను. వాళ్ళావిడ "మా ఇంటికే రమ్మను" అంది. నంబరు మెసేజ్ చేస్తున్నాను.

లంకపిల్ల
28 అక్టోబర్ 2024

బాబాయ్ గారూ, ఏం చెప్పాలో తెలియడం లేదు. అమ్మ మీకు ఆశీస్సులు చెప్పమంది.

లంకపిల్ల
13 నవంబర్ 2024

నిమాతి ఘాట్. పొగమంచు వల్ల పడవ రెండు గంటలు ఆలస్యం. అమ్మ రేవులో మెట్ట మీద కూర్చుని నదినే చూస్తోంది. "మన గోదారికి అక్క" అంది. ఇద్దరు కుర్రాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని పడవలోకి దించారు. బాగానే ఉన్నాం.

లంకపిల్ల
24 నవంబర్ 2024

వచ్చేశాం. రాయడానికి వారం పట్టింది. కొంచెం పెద్దగానే రాస్తాను.

మేం దిగిన ఇంటావిడకి హిందీ కొంచెం వచ్చు, అమ్మకి అసలు రాదు. మొదటి పొద్దున ఆవిడ కోమల్ చావల్ అని ఒక రకం బియ్యం నానబెట్టి పెట్టింది. పొయ్యి మీద పెట్టకుండానే అన్నంలా మెత్తబడింది. దాంట్లో పెరుగు, బెల్లం. అమ్మ కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. ఏం తింటుందో అని నేను బెంగపడ్డాను కానీ ఆ బెంగ అక్కడితో పోయింది. సత్రలో ప్రసాదం పెట్టారు. నానిన పెసలు, సెనగలు, అల్లం ముక్కలు, కొబ్బరి. అమ్మ దోసిట్లోకి తీసుకుని చూసి, "మన వడపప్పేనే" అంది. ఆ తర్వాత ఆవిడకి అది పరాయి ఊరు కాదు.

14న సామగురి వెళ్ళాం. వెదురు బద్దలు సన్నగా చీల్చి బుట్టలా తల ఆకారం అల్లుతారు. దాని మీద బంకమట్టిలో ముంచిన గుడ్డ పొరలు పొరలుగా అతికిస్తారు. పైన మట్టి, పేడ కలిపి ముక్కూ కళ్ళూ తీరుస్తారు. ఎండాక వెదురు కత్తితో నునుపు చేసి రంగులు. దవడ కదిలే ముసుగులు కూడా ఉన్నాయి, లోపల ఉన్న మనిషి మాట్లాడితే రాక్షసుడి నోరు కదులుతుంది. పెద్దవి మనిషి ఎత్తు దాటి ఉన్నాయి. అమ్మ బకాసురుడి ముక్కు పట్టుకుని చూసింది. అక్కడి కుర్రాడు ముసుగు తీసి అమ్మ చేతిలో పెట్టాడు. ఎంత తేలికో! కెమెరా కన్ను గారు కూడా అక్కడే కలిశారు, అమ్మకి ఒక ఫొటో తీశారు. రాత్రి ఆట దగ్గర ఆయన చేతులు ఖాళీగానే ఉన్నాయి, నేను సాక్ష్యం.

పౌర్ణమి సాయంత్రం అమ్మ ఆ ఇంటి తులసి కోట దగ్గర వత్తులు వెలిగించింది. ఇంటావిడ, పక్కింటివాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. అయిపోయాక అందరం కలిసి ఉత్తర కమలాబారి వెళ్ళాం.

మువ్వ గారూ, మీరు చెప్పినట్టే గాయన్ బాయన్ నుంచీ కూర్చున్నాం. ఒక స్తంభానికి ఆనుకుని కూర్చోమని ఒక ముసలావిడ అమ్మకి తన చోటు ఇచ్చింది. ఖోల్ మొదలైనప్పుడు నామ్‌ఘర్ నేల అదిరింది. గోపికలుగా భకత్‌లు వచ్చారు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల నుంచి మీసాలు తీసేసిన పెద్దవాళ్ళ దాకా. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అమ్మ మాత్రం నా చెవిలో కథ చెప్తూనే ఉంది. "ఇప్పుడు కృష్ణుడు మాయమవుతాడు చూడు. వీళ్ళు చెట్లనీ తీగలనీ అడుగుతారు." అలాగే అడిగారు. ఒక గోపిక మల్లె తీగని వెతుకుతున్నట్టు చెయ్యి చాపి ఆగిపోయింది. ఆ పక్కనే అమ్మ పోతన పద్యం మెల్లగా అంది. ఖోల్ తాళానికీ ఆ పద్యానికీ పొత్తు కుదరదనుకుంటాం కదా. నాకైతే కుదిరినట్టే వినిపించింది. తెల్లవారుజాము మూడు దాకా కూర్చుంది. మధ్యలో ఒక్కసారే కాళ్ళు చాపుకుంది.

ఇక 16వ తేదీ రాత్రి. అది ఊరి వాళ్ళ ఆట. సత్రలో కాదు, పొలం పక్కన టార్పాలిన్ వేసిన వేదిక. ఇక్కడ ఆడపిల్లలే గోపికలు. మేమున్న ఇంటి అమ్మాయి కూడా ఒక గోపిక, ఇంటరు చదువుతోంది. రాస్‌లో ఆడవాళ్ళకి చోటు ఇచ్చింది గడమూర్ సత్రాధికారి పీతాంబర దేవ గోస్వామి అని ఆ పిల్ల చాలా గర్వంగా చెప్పింది.

కథ కృష్ణుడి పుట్టుక నుంచి మొదలైంది. చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి నీలం గుడ్డ పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. యమున. వసుదేవుడు బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పగలు ఆటో నడిపే మనిషట. అతను నీళ్ళలో దిగిన తీరు చూసి నేను లేచి కూర్చున్నాను. పాదం ముందు పెట్టి, అడుగు తగిలిందో లేదో చూసుకుని, అప్పుడు బరువు వేస్తాడు. ఒడ్డు ఎక్కడ జారుతుందో తెలిసినవాడు నడిచే నడక అది. గుడ్డ నడుము దాకా వచ్చింది, ఛాతీ దాకా వచ్చింది. జనంలో ఒక్క చప్పుడు లేదు. అక్కడున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అలా నది దాటినవాళ్ళే.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు మీ నాన్నకి బుట్ట కూడా దొరకలేదు. నా చీరలో మూటకట్టి నెత్తిన పెట్టుకున్నాడు. మెడలోతు నీళ్ళు. నేను వెనకాల ఆయన చొక్కా పట్టుకుని నడిచాను. నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదు, బతికున్నావో లేదో తెలీక ఆయన ఆగి ఆగి నీ కాలు తడిమి చూసుకునేవాడు." అంతే చెప్పింది. వసుదేవుడు ఒడ్డు చేరేదాకా చెయ్యి వదల్లేదు.

నాకు 38 ఏళ్ళు. ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు.

మువ్వ
24 నవంబర్ 2024

ఏమీ రాయలేకపోతున్నాను. అమ్మగారికి నమస్కారాలు.

శివసాగర్ కోడలు
24 నవంబర్ 2024

అక్కా, మా అత్తగారికి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. వచ్చే కార్తీకానికి ఆవిడని మా ఊరు తీసుకెళ్తున్నాను. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ రమ్మని అడగలేదు, ఆవిడ రారేమో అనుకున్నాను.

ప్రభలతీర్థం
25 నవంబర్ 2024

మీ నాన్నగారు ఏ లంక నుంచి ఏ ఒడ్డుకి దాటారో నేను ఊహించుకోగలను. ఆ వారం మా నాన్న కూడా నీళ్ళలోనే ఉన్నాడు.

ఒడ్డు కోత గురించి అడిగారా?

లంకపిల్ల
25 నవంబర్ 2024

అడిగానండీ. మేమున్న ఇంటాయన వాళ్ళ ఇల్లు ఇప్పటికి మూడుసార్లు మారిందట. ప్రతిసారీ వెదురు గోడలు విప్పి, స్తంభాలు పీకి, మోసుకెళ్ళి మళ్ళీ కట్టుకున్నారు. ఆయన ఏడుస్తూ చెప్పలేదు, మామూలుగా చెప్పాడు. వంతెన వస్తే జబ్బు చేసినవాళ్ళని రాత్రిపూట కూడా జోర్హాట్ ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు, దానికోసం ఎదురుచూస్తున్నాం అన్నాడు. నామ్‌ఘర్ సంగతేంటి అని అడిగాను. "ముందు దాన్ని కడతాం, తర్వాత ఇళ్ళు" అన్నాడు.

ప్రభలతీర్థం
25 నవంబర్ 2024

వచ్చే ఏడు మా నాన్నని తీసుకెళ్తాను. ఆయనకి 76. ఆ ఇంటివాళ్ళు మాకు చోటిస్తారేమో కనుక్కుంటారా? డబ్బు ఎంతైనా పర్లేదు.

లంకపిల్ల
26 నవంబర్ 2024

ఇవాళే మాట్లాడాను. రమ్మన్నారు. నంబరు మీకు మెసేజ్ చేశాను. బాత్రూమ్ పెరట్లో ఉంటుంది, రాత్రి నాన్నగారికి టార్చి ఉంచండి. బాబాయ్ గారు రేవు దాకా వస్తానన్నారు.

ఒక్క సాయం. అమ్మ ఇంటావిడకి మినప వడియాలు, కొత్త చింతపండు, ఒక చీర పంపాలని మూట కడుతోంది. అస్సాం దాకా పార్సిల్ వేస్తే వడియాలు పొడైపోతాయని భయం. మీతో తీసుకెళ్తారా? రెండు కిలోలకి మించదు.

ప్రభలతీర్థం
26 నవంబర్ 2024

ఐదు కిలోలైనా ఇవ్వమనండి. ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తాను.